బొట్టు పెట్టిన మెషీన్

ఆ బ్యాండ్ రాలేదు. అసలు ఆ రోజు నేను మెషీన్ స్విచ్చే వేయలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి నుంచి డైరీ రాస్తున్నదాన్ని, మనుషులతో చెప్పలేనివన్నీ దానితోనే చెప్పుకునేదాన్ని, దానికీ చెప్పలేదు. ఆ రోజు పేజీలో "శనివారం. కాలేజీకి వెళ్ళాను. ఎండ ఎక్కువగా ఉంది" అని మూడు ముక్కలు రాసి ఉన్నాయి. మిగతా పేజీ ఖాళీ.

పోయిన వారం పామర్రులో, చనిపోయిన సుగుణ మేడమ్ ఆదరణ కూడికకు వెళ్ళాను. మేడమ్ విజయవాడలో మా డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. చర్చి పక్కన వేసిన షామియానా కింద, ఫోటో ముందు కొవ్వొత్తి పెట్టి వెనక వరుసలో కూర్చున్నాను. కూడిక అయ్యాక మేడమ్ చెల్లెలుగారు అందరినీ పలకరిస్తూ నా దగ్గరికి వచ్చి, పేరు అడిగి, "బ్యాండ్ అమ్మాయివి నువ్వేనా?" అన్నారు. మా అక్క నీ గురించి చెప్పని రోజు లేదమ్మా అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. నేను తల ఊపాను. నా జీవితంలో చాలా సంగతులు ఇలా తల ఊపడంతోనే జరిగిపోయాయి. ఇంటికి వచ్చి పాత డైరీ తీస్తే ఆ శనివారం పేజీలో తాళంచెవి అలాగే ఉంది, ఆకుపచ్చ ఊలుదారం కట్టినది. పేజీ మీద దాని ఆకారంలో తుప్పు మరక పడింది.

ఆ తాళంచెవి సంగతి చెప్పాలంటే ముందు మా నాయనమ్మ గుడ్డల సంగతి చెప్పాలి. పామర్రుకి ఐదు కిలోమీటర్ల అవతల మా ఊరు. మా ఇంట్లో ఏ వస్తువూ గుడ్డ లేకుండా ఉండేది కాదు. టీవీకి క్రోషా అల్లిక, మిక్సీకి పాత లంగా గుడ్డతో కుట్టిన తొడుగు, రేడియోకి ఎంబ్రాయిడరీ రుమాలు. నాన్న స్కూటర్ కొన్నప్పుడు సీటు మీది ప్లాస్టిక్ కవరు రెండేళ్ళు తీయలేదు, ఎండాకాలం దాని మీద కూర్చుంటే కాళ్ళు అంటుకుపోయేవి. ఫ్రిజ్ వచ్చిన రోజు నాకింకా గుర్తు. నాయనమ్మ దాని తలుపుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మంచిరోజు చూసేదాకా ప్లగ్గు పెట్టొద్దంది. మంచిరోజు తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ వేసవి. వంటింట్లో ఆవకాయ కలుపుతున్న ఘాటు, కొత్త ఫ్రిజ్ లోపలి రబ్బరు వాసన, పక్కనే కుండలో నీళ్ళు. మేం పిల్లలం తలుపు తెరిచి, చల్లగా లేని అరల్లోకి చూసి, మళ్ళీ మూసేవాళ్ళం. అమ్మ విసుక్కుంటే నాయనమ్మ, "వస్తువన్నాక కాస్త ఆగాలే. వచ్చిన రోజే వాడేసుకుంటే దానికి మర్యాదేముంది?" అనేది. నాకది సబబుగానే అనిపించేది. ఇప్పటికీ కొత్త పుస్తకం కొంటే వెంటనే చదవను. అట్ట వేసి, కొన్నాళ్ళు బల్ల మీద ఉంచుకుని చూస్తాను.

కాలేజీకి రోజూ బస్సులో వెళ్ళేదాన్ని. ఉయ్యూరు దాటాక చెరకు బళ్ళు, కంకిపాడు దాటాక ఫ్లెక్సీలు, బెంజి సర్కిల్ దగ్గర ఒకర్నొకరు తోసుకుంటూ దిగడం. కిటికీ పక్క సీటు దొరికితే చదువుకునేదాన్ని, లేకపోతే మనసులో చదువుకునేదాన్ని. మా జువాలజీ ల్యాబ్‌లో ఎనిమిది మందికి ఒక మైక్రోస్కోపు. నా వంతు వచ్చేసరికి స్లైడు ఎండిపోయేది. ఫార్మలిన్ వాసన, దాని మధ్యలో పన్నెండున్నరకి సుగుణ మేడమ్ క్యారేజీ మూత తీస్తే మాగాయ వాసన. ఆవిడ తెల్ల జరీ అంచు నేత చీరలు కట్టేవారు, కొంగు నడుముకి దోపి, చేతులకి చాక్‌పీసు పొడితో తిరిగేవారు. పీసీఆర్ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు మా కాలేజీలో ఆ మెషీన్ లేదు. మేడమ్ ఇంటినుంచి మూడు స్టీలు గిన్నెలు తెచ్చి మూడు పొయ్యిల మీద పెట్టారు. ఒకదాంట్లో నీళ్ళు మరిగే దగ్గర్లో, ఒకదాంట్లో గోరువెచ్చన కన్నా కాస్త ఎక్కువ, మూడోది ఆ రెండిటికీ మధ్య. పెన్ను మూతని దారంతో కట్టి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ముంచుతూ, ఇలా ముప్పైసార్లు ముంచితే కంటికి కనపడని జన్యువు ముక్క కోట్లకి పెరుగుతుందమ్మా, మెషీన్ చేసేది ఇంతే, మనకి చెయ్యి నొప్పి పుట్టకుండా చేస్తుంది అన్నారు. అందరూ నవ్వారు. నేను తొంభై నాలుగు, యాభై ఐదు, డెబ్బై రెండు అని ఆ వేడి డిగ్రీలు నోట్సు అంచున రాసుకుని బస్సులో ఎక్కంలా చదువుకున్నాను.

ఆ మెషీన్ కోసం మేడమ్ ఎన్నేళ్ళు తిరిగారో మాకు ముక్కలు ముక్కలుగా తెలిసేది. ఒక్క డిపార్ట్‌మెంటుకి గ్రాంటు ఇవ్వరు, నలుగురూ కలిసి అడిగితే ఇస్తారని తెలిసి ఆవిడ బోటనీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ వాళ్ళని ఒప్పించడం మొదలుపెట్టారు. బోటనీ సార్ ఒకసారి స్టాఫ్ రూములో, మీ రొయ్యలు పెట్టిన దాంట్లో మా ఆకులెట్లా పెడతామండీ, నీచు వాసన రాదూ అన్నారట. మేడమ్ దానికి, మీ ఆకు తిన్న మేక మాంసం మీరు తింటున్నారుగా సార్, అప్పుడు రాని వాసన ఇప్పుడెందుకొస్తుంది అన్నారట. ఆయన నవ్వి సంతకం పెట్టారు. ఏ గదిలో పెట్టాలి అన్నది ఇంకో ఏడాది. చివరికి జువాలజీకీ బోటనీకీ మధ్య పాత రికార్డులు పడేసిన గది ఒకటి ఖాళీ చేయించారు. చెదలు పట్టిన ప్రాక్టికల్ పుస్తకాలు బయటికి మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎవరి స్టాకు రిజిస్టర్లో ఎక్కించాలి అన్నది ఆఖరి తగువు. రిజిస్టర్లో ఎవరి సంతకం ఉంటే, వస్తువుకి ఏమైనా అయితే వాళ్ళు జవాబు చెప్పాలి. అందరి వస్తువే, కానీ జవాబు చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ సంతకం మేడమ్ పెట్టారు. అప్పటికి ఆవిడ రిటైర్మెంటుకి ఏడాది కూడా లేదు.

మేం ఫైనలియర్‌లో ఉండగా మెషీన్ వచ్చింది. దానితోపాటు జెల్ నడిపే చిన్న తొట్టి, ఆ జెల్‌లో జన్యువు ముక్కలు మెరిసే గీతలుగా, అంటే బ్యాండ్‌లుగా, కనపడే నీలికాంతి పెట్టె, పరీక్షలో కలిపే మందులు పెట్టుకునే చిన్న ఫ్రీజరు. చెక్కపెట్టె విప్పుతుంటే నాలుగు డిపార్ట్‌మెంట్లవాళ్ళూ గుమ్మంలో నిలబడ్డారు. అటెండర్ వెంకటరత్నం గారు గడప దగ్గర కొబ్బరికాయ కొట్టి, మెషీన్ మూతకి బొట్టు పెట్టారు. మేడమ్ అడ్డు చెప్పలేదు, కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకున్నారు. కంపెనీ ఇంజనీరు వచ్చి బిగించి, ఖాళీగా ఒకసారి నడిపి చూపించాడు. అంకెలు ఎక్కుతూ దిగుతూ ఉంటే నాకు ఎక్కం ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. మా ప్రిన్సిపాల్ గారికి ఆ రోజు చాలా సంతోషం వేసింది. ఇంత మంచి వస్తువు కాలేజీకి వచ్చింది కాబట్టి పెద్ద మనిషిని పిలిచి ప్రారంభోత్సవం చేయిద్దాం, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు అన్నారు. మెరూన్ రంగు మఖ్మల్ గుడ్డ కొని తెచ్చి కప్పారు. మూత చుట్టూ ఎర్ర రిబ్బన్ చుట్టి పువ్వు ముడి వేశారు.

పెద్దాయన మొదట ఇచ్చిన రోజుకి ఢిల్లీ వెళ్ళాల్సి వచ్చింది. రెండోసారి వాళ్ళ ఇంట్లో మైల. మూడోసారి ఎన్నికల కోడ్ వచ్చింది. ప్రతిసారీ మేం గది కడిగి, ముగ్గు వేసి, బోర్డు మీద రంగు చాక్‌పీసులతో స్వాగతం రాసేవాళ్ళం. ప్రతిసారీ సాయంత్రానికి ఆ స్వాగతాన్ని మేమే తుడిచేవాళ్ళం. ఈలోగా ఫ్రీజరులో మందులకి గడువు దగ్గరపడుతోంది. మేడమ్‌కి కూడా. ఆవిడ ఎప్పుడూ పెద్ద కోరికలు కోరినట్టు నేను చూడలేదు. మన పిల్లల్లో ఒక్కళ్ళు, ఒక్కసారి, దీని మీద ఒక బ్యాండ్ చూపిస్తే నేను హాయిగా ఇంటికి పోతానమ్మా అని మాత్రం చాలాసార్లు అన్నారు.

నా ప్రాజెక్టుకి మా నాన్న చెరువు రొయ్యలు తెచ్చాను, స్టీలు డబ్బాలో ఐసు వేసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని. పక్కన కూర్చున్న పెద్దావిడ ఉయ్యూరు దాటేదాకా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. మేడమ్ నన్ను పక్కన నిలబెట్టుకుని, ఆ రొయ్య కండ నూరించి, డీఎన్ఏ తీయించి, చిన్న ట్యూబులో పెట్టి నా పేరు రాయించారు. మేం వెతుకుతున్నది ఏ రోగాన్నీ కాదు. ప్రతి రొయ్యలోనూ ఉండే దాని సొంత జన్యువు ఒకటి. బ్యాండ్ వస్తే పని పద్ధతిగా చేశామని తెలుస్తుంది, అంతే. అందరూ వెళ్ళాక, ల్యాబ్ కిటికీలు వేస్తున్న నన్ను పిలిచి, మెషీన్ గది రెండో తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"వచ్చే శనివారం స్టాఫంతా స్పోర్ట్స్ గ్రౌండులో ఉంటారు. నేనూ అక్కడే. నువ్వు వెళ్ళి చేసెయ్."

ప్రిన్సిపాల్ గారు వద్దన్నారు కదా అని గొణిగాను.

"ముట్టుకోనని మీటింగులో మాటిచ్చింది నేను. నువ్వివ్వలేదుగా," అని నవ్వారు. మళ్ళీ నవ్వు ఆపి, "ఎవరైనా అడిగితే మేడమ్ చెప్పారని చెప్పు. సంతకం నాది. నీకేం కాదు," అన్నారు.

మిగతావాళ్ళని కాకుండా నన్నే ఎందుకు అడిగారో అప్పుడు అర్థం కాలేదు. నా స్నేహితురాలు ప్రశాంతి అయితే రిబ్బన్ తెంపి జడకి కట్టుకుని మరీ చేసి వచ్చేది, కానీ వారంలో కాలేజీ అంతా తెలిసిపోయేది. మాట బయటికి పోకూడదంటే నేనే. ఆవిడ నా మౌనాన్ని నమ్మారు. మౌనానికీ ధైర్యానికీ తేడా ఉంటుందని, అంత మంచి టీచరు, నా విషయంలో గమనించలేదు.

శనివారం వెంకటరత్నం గారు వరండాలో స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆయనకి మేడమ్ చెప్పి ఉంచారు. నన్ను చూసి, కానియ్యమ్మా, ఎవరైనా వస్తే దగ్గుతాలే అన్నారు. తాళం తీసి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. రొయ్య ట్యూబూ, మందుల ట్యూబులూ ఫ్రీజరులోంచి తీసి, సోడా షాపు నుంచి తెచ్చిన ఐసు ముక్కల మధ్య గుచ్చాను. మఖ్మల్ గుడ్డ తీసి నాలుగు మడతలు వేశాను. కింద మెషీన్ తెల్లగా, మూత మీద కుంకుమ బొట్టు ఎండి పగుళ్ళు ఇచ్చి. రిబ్బన్ ముడి సరిగ్గా మూత తెరిచే చోట ఉంది. దాన్ని లాగితే ఊడిపోతుంది. మళ్ళీ కట్టొచ్చు. కానీ ఆ పువ్వు ముడి నాకు కట్టడం రాదు. ఎవరో నేర్పుగా, రెండు రేకులు సమానంగా వచ్చేట్టు కట్టారు. నేను కడితే ఇట్టే తెలిసిపోతుంది. రిబ్బన్ కొస పట్టుకున్నాను. వదిలాను. మళ్ళీ పట్టుకున్నాను. దూరంగా గ్రౌండులో మైకు, విజిల్, చప్పట్లు. ఫ్యాను లేని గది. నాయనమ్మ ఇక్కడుంటే ఆగవే అనేది అనిపించింది. మేడమ్ ఇక్కడుంటే ఎందుకాగావు అనేవారు. ఇద్దరూ లేరు, నేనే ఉన్నాను, నేను ఎప్పుడూ ఏదీ మొదలుపెట్టలేని మనిషిని. స్టూలు మీద కూర్చుండిపోయాను. ఎంతసేపో చెప్పలేను. చూస్తూండగానే ఐసు కరిగి ట్యూబులు నీళ్ళలో తేలడం మొదలైంది. మందు వేడెక్కితే పనిచేయదని మేడమ్ వందసార్లు చెప్పి ఉంటారు. అది నాకు తెలుసు. తెలిసీ కదల్లేదు.

చివరికి ట్యూబులు తుడిచి ఫ్రీజరులో పెట్టాను. గుడ్డ కప్పి, అంచులు సరిచేసి, బయటికి వచ్చాను. వెంకటరత్నం గారు లేచి, "అయిపోయిందా అమ్మా?" అన్నారు. తల ఊపాను. అయిపోయింది అన్న మాట ఆయన దృష్టిలో ఒకటి, నా దృష్టిలో ఇంకొకటి. ఆయన ముఖం వెలిగింది. నేను గేటు దాటేలోపే ఆ మాట గ్రౌండుకి చేరి ఉంటుంది.

సోమవారం మేడమ్ నన్ను ల్యాబ్ మూలకి పిలిచారు. కళ్ళద్దాల వెనక కళ్ళు చిన్నపిల్లవిలా ఉన్నాయి.

"వచ్చిందా?"

అప్పుడు చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. నా నోట్లోంచి, "వచ్చింది మేడమ్," అని వచ్చింది.

"ఎన్నో గుంటలో?"

జెల్‌లో వరుసగా ఉండే చిన్న గుంటల్లో రొయ్య నీళ్ళు పోయాల్సింది మూడో దాంట్లో అని ఆవిడే చెప్పి ఉన్నారు. మూడో దాంట్లో అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. చాక్‌పీసు పొడి చేత్తో నా బుగ్గ తట్టారు. ఆ తెల్లటి మరక సాయంత్రం బస్సు అద్దంలో చూసుకున్నాను, తుడుచుకోలేదు. తాళంచెవి ఇవ్వబోతే, ఉంచుకో, నీ దగ్గరుంటేనే నయం అన్నారు.

ఆవిడ రిటైరయ్యారు. శాలువా, పూలదండ, గ్రూపు ఫోటో. మాట్లాడమంటే రెండే నిమిషాలు మాట్లాడి, నేను చూడాలనుకున్నది చూసినట్టే, ఇక బెంగ లేదు అని, మూడో వరుసలో ఉన్న నా వైపు చూశారు. ఎవరికీ అర్థం కాలేదు, చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ప్రారంభోత్సవం ఆ తర్వాత రెండు నెలలకి జరిగింది. మేడమ్‌ని పిలిచారు, రెండో వరుసలో కుర్చీ వేశారు. పెద్దాయన కత్తెరతో రిబ్బన్ కత్తిరించారు. ముడి విప్పే అవసరమే రాలేదు. ఫోటోలు అయ్యాక మళ్ళీ గుడ్డ కప్పారు. మందుల గడువు అప్పటికే దాటిపోయింది. రిజిస్టర్లో మేడమ్ తర్వాత ఎవరూ సంతకం పెట్టకపోవడంతో ఆ గదికి తాళం పడింది. మా బ్యాచ్ పరీక్షలు రాసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఉయ్యూరు దగ్గర రొయ్యలు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. అక్కడి మెషీన్ కూడా అదే రకం. దానికి గుడ్డ లేదు, బొట్టు లేదు, మూత మీద గీతలు, ఒక మూల టీ మరక. రోజుకి మూడుసార్లు నడుపుతాను. రైతులు సీడు సంచులు, చెరువులో వేసే రొయ్యపిల్లలవి, పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, నీ మెషీన్ తేల్చేలోపు ఇవి సంచిలోనే ముసలివైపోయేట్టున్నాయి," అంటారు. నేను నవ్వి మూత వేసి బటన్ నొక్కుతాను. ఇంత తేలికైన పని. మా ఇంట్లోనూ కవర్లు లేవిప్పుడు. టీవీ మీది క్రోషా అల్లిక గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా అయింది. నాయనమ్మే ఫ్రిజ్ తలుపు మోకాలితో మూస్తుంది. కిందటేడు సర్టిఫికెట్టు పని మీద కాలేజీకి వెళ్ళినప్పుడు ఆ గది కిటికీలోంచి చూశాను. మఖ్మల్ గుడ్డ మీద దుమ్ము. ఆ రోజుకి డైరీలోంచి తీసుకున్న తాళంచెవి పర్సులో ఉంది. తియ్యొచ్చు. తీసి ఏం చెయ్యాలో తెలియలేదు. వెంకటరత్నం గారు కూడా లేరు అక్కడ, ఉంటే దగ్గేవారు.

మేడమ్‌ని ఆఖరిసారి చూసింది ఈమధ్యే, ఆవిడ మంచం పట్టాక. వాళ్ళ చెల్లెలుగారు బజారుకి వెళ్ళారు, ఇంట్లో మేమిద్దరమే. ఆ రోజు నిజం చెప్పాలనే వెళ్ళాను. బస్సులో వాక్యాలు కూర్చుకున్నాను, ఎక్కం చదువుకున్నట్టు. సంచిలో మా ల్యాబ్ జెల్ ఫోటో ఒకటి ప్రింటు తీసి పెట్టుకున్నాను, మూడో గుంటలో బ్యాండ్ తెల్లగా మెరుస్తున్నది. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు. నిజం చెప్పడానికి వెళ్తూ అబద్ధానికి సాక్ష్యం కూడా తీసుకెళ్ళాను. మేడమ్ బాగా చిక్కిపోయారు. దిండు ఆనుకుని కూర్చుని, నా ఉద్యోగం గురించి అడిగి, రోజుకి ఎన్నిసార్లు నడుపుతావు, జెల్ నువ్వే పోస్తావా అని అడిగారు. చెబుతుంటే వింటూ, మధ్యలో కళ్ళు మూసుకుని పెదాలు కదిపారు. తొంభై నాలుగు, యాభై ఐదు, డెబ్బై రెండు అని ఆవిడే చదువుకుంటున్నట్టు ఉంది. నేను మేడమ్ అన్నాను. చెప్పమ్మా అన్నారు. ఏం లేదు మేడమ్, బస్సుకి టైమవుతోంది అన్నాను. చెప్పులు వేసుకుంటుంటే లోపలినుంచి పిలిచారు. వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. సంచి వెనక్కి జరుపుకున్నాను. ఆవిడ నవ్వుతూ, ఏదో చిన్న పని పురమాయిస్తున్నట్టు అన్నారు.

"ఆ రోజు బ్యాండ్‌ని ఫోటో తీసే ఉంటావుగా అమ్మా. తీరిక చూసుకుని పంపు, ఒకసారి చూసుకుంటాను. తొందరేం లేదు."